ఆ ఇంటి నుంచి గోదావరికి ఎన్ని అడుగులు?

గోదావరి జిల్లాల బళ్ళలో తెలుగూ ఇంగ్లీషూ చెబుతున్న మాస్టార్లకీ, టీచరమ్మలకీ,

నమస్కారం.

నేనూ మీలో ఒకదాన్నే. కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 31 ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఉత్తరం పొడుగ్గా ఉందని ముందే భయపడకండి, ఇందులో మీ మీద ఫిర్యాదేమీ లేదు. ఉన్న ఒక్క ఫిర్యాదూ నా మీదే, అది కాస్త కిందకి వెళ్ళాక చెబుతాను. ఈ ఉత్తరం రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారి ఇంటికి పిల్లల్ని తీసుకెళ్ళడం గురించి, కానీ ముందు ఒక సరస్సు సంగతి చెప్పాలి.

మా అబ్బాయి ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన ఏడాది ఆగస్టులో వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు, "అమ్మా, నువ్వు జన్మంతా ఒకటే పాఠం చెప్పావు కదా, ఆ కవిగారి ఇల్లు చూపిస్తాను పద" అన్నాడు. విండర్‌మియర్ దాకా రైలు, అక్కణ్ణించి బస్సు. ఊరి పేరు గ్రాస్‌మియర్. ఊరి పక్కనే అదే పేరుతో సరస్సు. దానికి కాస్త ఎడంగా, రోడ్డు పక్కన, సున్నం కొట్టిన చిన్న ఇల్లు. డవ్ కాటేజీ అంటారు. వర్డ్స్‌వర్త్ 1799 డిసెంబర్‌లో చెల్లెలు డొరతీతో కలిసి అందులో దిగాడు. 1808 దాకా అక్కడే కాపురం. పెళ్ళయ్యాక భార్య మేరీ కూడా ఆ ఇంటికే వచ్చింది, మొదటి పిల్లలు అందులోనే పుట్టారు. ఆయన పోయిన 40 ఏళ్ళకి, 1890లో, ఆ కవిత్వం ఇష్టపడేవాళ్ళు చందాలు వేసుకుని 650 పౌండ్లకి ఇల్లు కొన్నారు. 1891 నుంచి జనం వచ్చి చూసిపోతున్నారు.

సరస్సు చూస్తే నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు, ఉన్నమాట చెప్పాలి కదా. లంకలో పుట్టినదాన్ని. వరదల్లో వశిష్ఠ గోదావరి అవతలి గట్టు కనపడక చిన్నప్పుడు దాన్నే సముద్రం అనుకున్నదాన్ని. మనవాళ్ళకి నీళ్ళు చూపించి నోరు తెరిపించడం కష్టం. కొండలు బాగున్నాయి. వాన మాత్రం అచ్చం మన శ్రావణమాసం ముసురే, పట్టుకుంటే వదల్లేదు.

తమాషా ఏమిటంటే ఆ ఇంట్లోంచి ఇప్పుడు సరస్సు కనపడదు. వాళ్ళున్న రోజుల్లో కిటికీ తీస్తే నీళ్ళే కనిపించేవట. తర్వాత మధ్యలో ఇళ్ళు కట్టేశారు. ఏటిగట్టు పక్కన ఇల్లుండీ గోదావరి కనపడని వాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది లేరు? నాకు ఆ ఇంటి మీద మొదటి అభిమానం అక్కడ పుట్టింది.

లోపల గదులు ఎంత చిన్నవంటే పదిమందిమి వెళ్తే ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలింది. కింద రాతిపలకల నేల. ఒకప్పుడు అది సారాయి అమ్మే సత్రమట, గోడలకి నల్లటి చెక్కలు. వెనక ఒక చిన్న కొట్టుగది ఉంది, దాని నేల కిందనించి వాగు నీళ్ళు పారుతుంటాయి. ఆ చల్లదనానికి పాలూ వెన్నా చెడకుండా ఉండేవి. మన అమ్మమ్మలు పాలగిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెట్టేవారే, అదే తెలివి. మేడ మీద ఇంకో గది మరీ చల్లగా ఉంటుందని డొరతీ గోడల నిండా పాత న్యూస్ పేపర్లు అంటించింది. అది చూసి నేను నవ్వాను. మా ఇంట్లో వంటగది షెల్ఫుల్లో, పెట్టెల అడుగున, బీరువా అరల్లో అంతా పేపర్లే. దేశం ఏదైనా ఇల్లు నడిపే ఆడదాని చేతికి మొదట దొరికేది పాత పేపరే.

అక్కడున్న గైడు అమ్మాయిని నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఆ పూలు ఎక్కడమ్మా?" అని. మీకు అర్థమయ్యే ఉంటుంది. డాఫొడిల్స్ పూల మీద వర్డ్స్‌వర్త్ రాసిన పద్యం, ఆ పాఠం. దాన్ని 31 ఏళ్ళు చెప్పాను. ఆ పువ్వు నేనూ చూడలేదు, మా హెడ్మాస్టారూ చూడలేదు. మొదట్లో పచ్చగా ఉంటుందని బంతిపువ్వు చూపించాను. తర్వాత ఒక పిల్లాడు, వాళ్ళ నాన్నకి కడియపులంకలో నర్సరీ పని, "బంతి అలా గాలికి ఊగదండి, కాడ మొద్దుగా ఉంటుంది" అన్నాడు. అప్పట్నించి చూపించడం మానేశాను.

ఆ అమ్మాయి నవ్వి, పూలు వసంతంలో వస్తాయి, ఆగస్టులో ఉండవు అంది. పైగా పద్యంలోని పూలు ఈ సరస్సు ఒడ్డువి కావట. అల్స్‌వాటర్ అని వేరే సరస్సు ఉంది, దాని ఒడ్డున. 1802 ఏప్రిల్ 15న అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి నడిచి వస్తూ చూశారు. డొరతీ ఆ రోజు సంగతి డైరీలో రాసుకుంది, పూలు గాలికి ఎలా ఊగాయో, ఎలా నవ్వాయో అంతా. ఆయన పద్యం రాసింది రెండేళ్ళ తర్వాత, 1804లో. అచ్చయింది 1807లో. అందులో బాగా పేరున్న రెండు పాదాలు, మనసులోని కంటి గురించి ఉన్నాయే, అవి భార్య మేరీ అందించినవని ఆయనే చెప్పుకున్నాడు.

నేను అక్కడే ఒక బల్ల మీద కూర్చుండిపోయాను. మబ్బులాగా ఒంటరిగా తిరిగానని మొదలవుతుంది కదా ఆ పద్యం. ఒంటరి అన్న మాటకి అర్థం చెప్పడానికి నేను ప్రతి ఏడూ ఒక పీరియడ్ ఖర్చు పెట్టాను. పక్కన చెల్లెలుందన్న సంగతి ఒక్క ఏడాది కూడా చెప్పలేదు. నాకు తెలిస్తే కదా. ఆ చెల్లెలు రొట్టెలు కాల్చింది, బఠాణీ తీగలకి పుల్లలు కట్టింది, అన్నగారి పద్యాలు శుభ్రంగా తిరగరాసి పెట్టింది, తలనొప్పితో పడుకున్న రోజున అది కూడా డైరీలో రాసుకుంది. పద్యం పద్యమే, దాని మీద నాకు కోపం లేదు. కానీ వంటగది, కొట్టుగది, పేపర్ల గది చూశాక ఆ పాఠం నాకు ఇంకోలా వినిపించింది.

ఇక నా మీద ఫిర్యాదు.

తిరుగు బస్సులో గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ కింద మా తొమ్మిదో తరగతి పిల్లల్ని టూర్‌కి రాజమండ్రి తీసుకెళ్ళాను. మామూలు టూరే. పొద్దున్న ధవళేశ్వరంలో బ్యారేజీ, కాటన్ మ్యూజియం. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు. తర్వాత కోటిలింగాల రేవు. సాయంత్రం అందరికీ రోజ్‌మిల్క్ అని వాళ్ళకి ముందే మాటిచ్చాను. బస్సు పాత ఊళ్ళోంచి పోతుంటే ముందు సీటులో ఉన్న ఒక పిల్ల, "టీచర్, వీరేశలింగం గారి ఇల్లు ఈ ఊళ్ళోనే కదండీ, మ్యూజియం చేశారని పుస్తకంలో ఉంది, చూద్దామా?" అంది. నేను వాచీ చూసుకుని, "టైం లేదమ్మా" అన్నాను.

రోజ్‌మిల్క్‌కి టైముంది. ఆ క్యూలో ముప్పావుగంట నిలబడ్డాం.

ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. ఇన్నేళ్ళలో రాజమండ్రికి ఆరేడు టూర్లు తీసుకెళ్ళి ఉంటాను. ఒక్కసారి కూడా ఆ గుమ్మం ఎక్కలేదు. సముద్రాలు దాటి ఎవరి ఇల్లో చూడటానికి వెళ్ళాను, రావులపాలెం దాటితే వచ్చే ఇల్లు చూడలేదు. దీనికి ఎవర్నీ అనడానికి లేదు.

ఊరికి తిరిగి వచ్చిన నెలలోనే ఒక్కదాన్నే బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి ఆ ఇల్లు చూసొచ్చాను. నేను వెళ్ళినప్పుడు చూడవచ్చిన వాళ్ళు ఇంకెవరూ లేరు. గోడలెలా ఉన్నాయి, కప్పు ఎలా ఉంది, ఇంకేం పెట్టాలి అన్నది ఈ ఉత్తరం సంగతి కాదు, వాటికి రాయాల్సినవాళ్ళు వేరు. నేను మాస్టార్లకి రాస్తున్నాను కాబట్టి మాస్టార్ల పని గురించే రాస్తాను.

మన పిల్లలకి వీరేశలింగం గారంటే ఏమిటి? 1848లో పుట్టారు, 1919లో పోయారు. గద్య తిక్కన. వివేకవర్ధని పత్రిక. రాజశేఖర చరిత్రము. వితంతు వివాహాలు. ఐదు పాయింట్లు, ఐదు మార్కులు. మొదటి నవల అదా ఇంకోటా అని పెద్దవాళ్ళు కొట్టుకుంటారు, పిల్లలకి ఆ గొడవ కూడా చేరదు. ఆయన మనలాంటి బడిపంతులేనని ఎంతమంది పిల్లలకి తెలుసు? కోరంగిలో చెప్పారు, ధవళేశ్వరంలో చెప్పారు, రాజమండ్రి కాలేజీలో తెలుగు పండితులుగా చేశారు. 1874లో ఆడపిల్లల బడి పెట్టింది ధవళేశ్వరంలోనే, మనం బ్యారేజీ చూపించి, ఫోటోలు తీసి, బస్సెక్కించేసే ఊళ్ళో. రాజశేఖరుడి కథ మొదలయ్యేదీ ఆ ఊళ్ళోనే.

1881 డిసెంబర్ 11. రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం చేయించిన రోజు. ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. పోలీసుల కాపలా పెట్టాల్సి వచ్చింది, కాలేజీ కుర్రాళ్ళు అండగా నిలబడ్డారు, కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. ఇదంతా పుస్తకాల్లో ఉంది. అదే పుస్తకాల్లో ఒక మూల ఇంకోటి కూడా ఉంది. వెలి భయానికి ఆ ఇంటికి వంటవాళ్ళు రావడం మానేశారు. నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తనే గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి, వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టారు.

ఈ వాక్యం నేను చదివే ఉంటాను. నాలుగైదుసార్లు చదివి ఉంటాను. దాని బరువు మాత్రం ఆ ఇంట్లో నిలబడ్డాకే నా నడుముకి తెలిసింది.

నడుముకి అని ఊరికే అనలేదు. మా లంకలో మా చిన్నతనంలో కుళాయి లేదు. అమ్మా నేనూ తెల్లారగట్ల ఏటికి పోయి నీళ్ళు తెచ్చేవాళ్ళం. అమ్మ నెత్తి మీద ఒకటి, చంకలో ఒకటి. నాకు చిన్న ఇత్తడి బిందె, చంకలో. ఇసుకలో నడక. వేసవిలో ఏరు దూరం జరిగిపోయేది, ఇసుక కాలేది. వరదకి ఎర్రనీళ్ళు దిగితే బిందె లోపల చిల్లగింజ అరగదీసి రాత్రంతా ఉంచేవాళ్ళం, తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగేది. ఇంట్లో ఐదుగురం. స్నానాలకి కాదు, వంటకీ తాగడానికే నాలుగు బిందెలు కావాలి. చుట్టాలొస్తే అమ్మ మొహం చూసేవాళ్ళం కాదు.

ఇప్పుడు పెళ్ళివారి లెక్క వెయ్యండి. అన్నం వార్చాలి, పప్పు కడగాలి, కూరలు కడగాలి, ఎంగిలాకులు ఎత్తి నేల కడగాలి, అందరికీ తాగడానికి చెంబులు నింపాలి. ఒక్క మనిషి. దారిలో గుమ్మాల్లో నిలబడి ఎవరేం అన్నారో, ఎవరు తలుపేసుకున్నారో. నీళ్ళు మోసేటప్పుడు పరిగెత్తడానికి ఉండదు, బిందె తొణుకుతుంది. ఎవరేమన్నా నెమ్మదిగానే నడవాలి. ఆ తర్వాత ఆయన చేయించిన పెళ్ళిళ్ళు దాదాపు 40. ఆవిడ 1910లో పోయారు.

అందుకని మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. పిల్లల్ని ఆ ఇంటికి తీసుకెళ్ళండి. తీసుకెళ్ళి, ఫోటోలు చూపించి బస్సెక్కించకండి. ఆ ఇంటి నుంచి గోదావరి దాకా నడిపించండి, తిరుగు నడకలో బిందెతో నీళ్ళు మోయించండి. అడుగులు లెక్కపెట్టమనండి. ఎన్ని అని నన్ను అడక్కండి. నేను నడిచాను గానీ లెక్కపెట్టలేదు. ఆ లెక్క పిల్లలు తేల్చాలి, ఒక్కొక్కరికీ ఒక్కో అంకె వస్తుంది, దాని మీద వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకుంటారు, ఆ పోట్లాట మనకి కావాలి.

మగపిల్లల చేత ముందు మోయించండి. ఈ ఒక్క విషయంలో నేను మొండిదాన్ని. ఆడపిల్లలకి ఇళ్ళలో ఏదో ఒకటి మోయడం అలవాటే. మా చివరి బ్యాచ్‌లో ఒకడు ఇరవై లీటర్ల వాటర్ టిన్ను ఇంట్లోకి లాగడానికి అక్కని పిలిచేవాడని వాళ్ళమ్మే చెప్పింది.

మీరేమంటారో నాకు తెలుసు, నేనూ అవన్నీ అన్నదాన్నే. సిలబస్ అవ్వదు. పర్మిషన్ కాగితాలు. బస్సు డబ్బులు. అన్నిటికన్నా పెద్ద టెన్షన్, గోదావరి దగ్గరికి పిల్లలా అని. ఆ భయం మంచిదే, దాన్ని వదులుకోమని అనను. ఏట్లో పిల్లల్ని పోగొట్టుకున్న ఊళ్ళు మనవి. పిల్లలు మెట్ల పైనే ఆగాలి. నీళ్ళు పెద్దవాళ్ళు ముంచి తెచ్చి పైన అందించాలి. డిసెంబర్ అయితే వరద ఉండదు, ఎండ ఉండదు, ఏరు తేటగా ఉంటుంది. ఒకేసారి మూడు బస్సుల పిల్లల్ని తెచ్చి తోసెయ్యకండి, ఒక్క సెక్షన్ చాలు. సగంమంది ఇంట్లో ఉంటే సగంమంది నడకలో. బిందె ఒక్కొక్కరూ యాభై అడుగులు మోసి పక్కవాళ్ళకి ఇస్తారు. తొణికితే తొణకనివ్వండి. ఇంటికి చేరేసరికి బిందెలో ఎంత మిగిలిందో కొలవండి, లెక్కల మాస్టారు వస్తే ఆయనకీ పని దొరుకుతుంది.

వెళ్ళేముందు బళ్ళో ఒక పీరియడ్ చాలు. వీరేశలింగం గారి స్వీయచరిత్రలో ఆ పెళ్ళి రోజుల పేజీలు రెండు మూడు పైకి చదవండి. భాష పాతది, పిల్లలు మొదట నవ్వుతారు. నవ్వనివ్వండి. మళ్ళీ అవే పేజీలు ఆ ఇంటి దగ్గర నిలబడి ఒక పిల్ల చేత చదివించండి. రెండోసారి ఎంతమంది నవ్వారో నాకు రాయండి, నాకు నిజంగా తెలుసుకోవాలనుంది.

ఇంగ్లీషు మాస్టార్లకి విడిగా ఒక మాట. డాఫొడిల్స్ చెప్పేటప్పుడు పక్కన డొరతీ నడుస్తోందని చెప్పండి. పువ్వు బొమ్మ ఇప్పుడు ఫోనులో చూపించొచ్చు, నాలాగా బంతిపువ్వుతో కుస్తీ పట్టక్కర్లేదు.

రాజమండ్రి దూరమైన బళ్ళున్నాయి. అటు నరసాపురం వైపు వాళ్ళకి ఇంత చేసి రావడం ఒక్క రోజులో అయ్యేపని కాదు. వాళ్ళు మీ చుట్టుపక్కల చూసుకోండి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారిది పొలమూరు. కృష్ణశాస్త్రి గారు పుట్టింది పిఠాపురం దగ్గరి చంద్రంపాలెం. ఇల్లు మ్యూజియమే అయి ఉండక్కర్లేదు. వీధి ఉంటుంది, కాలవ ఉంటుంది, రావిచెట్టు కింద కూర్చునే ముసలాయన ఒకరుంటారు. ఆ ఊరివాడు రాసిన ఒక పేజీ ఆ వీధిలో చదివితే ఆ ముసలాయన మధ్యలో అడ్డం వచ్చి తప్పులు దిద్దుతాడు. నేను చెప్పే పాఠం కన్నా అది మేలు.

నన్ను రాజమండ్రిలో ఇల్లడిగిన ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఇరవయ్యారేళ్ళు ఉంటాయి, పెళ్ళయి ఉంటుంది. ఈ ఉత్తరం నీ కళ్ళబడితే, అమ్మా, టైముండీ నేనే లేదన్నాను.

ఈ డిసెంబర్ 11న పొద్దున్న తొమ్మిదింటికి నేను ఆ ఇంటి దగ్గర ఉంటాను. ఏ బడి వచ్చినా సరే, ఎవరూ రాకపోయినా సరే. మా అమ్మ ఇత్తడి బిందె చింతపండు పెట్టి తోమి ఉంచాను, ఒక పక్క చిన్న సొట్ట ఉంది గానీ కారదు. నీళ్ళు పెద్దవాళ్ళు ముంచాలన్నాను కదా, ఆ పని నేను చేస్తాను. పిల్లల్ని మీరు తీసుకురండి.

ఇట్లు,
కోనసీమలో ఒక రిటైరైన ఇంగ్లీషు టీచరు